దవాఖానాకు అంటని నక్షత్రదోషం

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మిమ్మల్ని బాగా భయపెట్టిన కేసు ఏది మేడం?" అని అడుగుతారు. పాముకాట్లు, ఎలుగుబంటి చీల్చిన మొహాలు, వాగు దాటలేక మంచం మీదే కాన్పయిన తల్లులు, ఇలాంటివేవో చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ చూశాను. వాటికి భయపడే తీరిక దొరకలేదు. నన్ను నిలువునా వణికించింది ఒక మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, చేతులు కట్టుకుని చాలా మెల్లగా అడిగిన ఒక్క మాట. అది ముక్కోటి ఏకాదశి రోజు, పట్టపగలు.

ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట ఉండేది మా సర్కారు దవాఖానా. ఆడవాళ్ల వార్డుకు నేను హెడ్ నర్సును. ముక్కోటి వచ్చిందంటే మా ముందు రోడ్డు మీద బస్సుల వరస తెగదు. అందరూ భద్రాద్రిలో ఉత్తర ద్వార దర్శనానికి వెళ్లేవాళ్లే. మా పేషంట్లలో కాస్త నడవగలిగిన ప్రతివాళ్లూ ముందురోజే బతిమాలి, అలిగి, ఏదో ఒకటి చేసి డిశ్చార్జి అయిపోయేవాళ్లు. ఆ రోజు కూడా వార్డు సగం ఖాళీ.

నేను ఈ పండుగల మర్మం తెలియకుండా ఎగతాళి చేసే రకాన్ని కాదు. మా నాన్న ఊరూరా సంఘసంస్కరణ సభల్లో వాదించిన మనిషి. చిన్నప్పుడే నా చేత పంచాంగం చదివించాడు. "ఎదుటివాడి పుస్తకం ఎదుటివాడికన్నా బాగా చదవాలె. లేకుంటే నీది వాదం కాదు, వదరుడు" అనేవాడు. అందుకే సిద్ధాంతులతో కూడా కూర్చుని మాట్లాడగలను. ముక్కోటి అంటే ఏమిటి? సూర్యుడు ధనూరాశిలో ఉండగా శుక్లపక్షంలో పదకొండో తిథి. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరాన్ని పన్నెండేసి డిగ్రీలుగా కొలుచుకుంటూ పోతే వచ్చే ఒక లెక్క. పెద్దలు దానికి అర్థం కూడా చెప్పారు. జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు, మనసు ఒకటి, మొత్తం పదకొండు. వాటిని అదుపులో పెట్టుకుని దేవుడి దగ్గర కూర్చోవడమే ఉపవాసం. ఉత్తరం తలుపంటే మనిషి లోపల తెరుచుకోవలసిన తలుపు. ఇంతవరకూ చెబితే నాకు పేచీ లేదు. ఎవరి ఒక్కపొద్దు వాళ్లది. కానీ కథ ఇక్కడ ఆగదు. ఆ రోజు వైకుంఠం తలుపులు బార్లా తెరిచి ఉంటాయనీ, ఆ రోజు పోయినవాళ్లు నేరుగా లోపలికి నడిచిపోతారనీ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్టు మీదే నేను ఆ రోజు మనుషులు నిలబడి ఉండటం చూశాను.

పేషంటు ఒక ముసలావిడ. డెబ్బై దాటిన మనిషి. కల్లూరు వైపు వ్యవసాయం చేసుకున్న కుటుంబం. భర్త పోయాక మా టౌన్లో కొడుకు దగ్గర ఉంటోంది. నిమోనియాతో తెచ్చారు. మొహానికి ఆక్సిజన్ మాస్కు, చేతికి సెలైన్, రోజూ ఇంజెక్షన్లు. వచ్చినప్పుడు పేలిపోతున్న జ్వరం ఆ పొద్దుటికి దిగింది. మా డ్యూటీ డాక్టరు హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. రౌండ్స్‌లో ఊపిరితిత్తులు విని, "నిన్నటికన్నా నయం. కానీ వయసు పెద్దది కదా, ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నాడు. అందులో 'నయం' నాకు వినిపించింది. 'ఏం చెప్పలేం' కొడుక్కి వినిపించింది.

ఆ కొడుకు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. తల్లి మంచం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆమె కాళ్లకు సాక్సులు తొడిగేవాడు, పెదాలు ఎండితే తడిపేవాడు. ఇంత శ్రద్ధగా చూసుకునే కొడుకులు మా వార్డులో అరుదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని అతన్ని రాక్షసుడని తేల్చేసి చేతులు దులుపుకుంటారని. అలా అయితే నాకు ఇంత దిగ్భ్రాంతి ఎందుకు కలిగేది?

"సిస్టర్, మీతోని ఒక్క మాట" అని వరండాలోకి పిలిచాడు. వెనకే అతని భార్య కూడా వచ్చింది.

"చెప్పండి సార్."

"అమ్మకు ఆ మాస్కు తీసేస్తరా?"

"నీళ్లు తాగించాల్నా? కొంచెం ఆగండి, నేనే వచ్చి తాగిస్త."

"నీళ్లకు కాదు సిస్టర్." చేతులు కట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "పూర్తిగనే తీసేస్తే మేం ఇంటికి తీస్కపోతం. ఇయ్యాల ఏకాదశి. పొద్దుగూకితే తిథి పోతది, కృత్తిక వస్తది."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని ఇంజెక్షన్ ట్రే గోడకు ఆనించి పట్టుకోవలసి వచ్చింది. నక్షత్రాల లెక్క నాకు తెలుసని చెప్పాను కదా. మనిషి కొన్ని నక్షత్రాల్లో పోతే ఆ ఇంటికి దోషమని, అందరూ బయటికి వచ్చేసి నెలల తరబడి తాళం వేస్తారు. కృత్తిక అయితే మూడు నెలలు. ఆ రోజు భరణి, దానికి తాళం బాధ లేదు. అంటే సాయంత్రం లోపు ఆమె పోతే తల్లికి వైకుంఠం, ఇంటికి క్షేమం. సాయంత్రం దాటి పోతే వైకుంఠం తలుపు మూసుకుంటుంది, ఇంటి తలుపు మూసుకుంటుంది. ఇది ఆ ఇంటి వాళ్లు వేసుకున్న లెక్క. అందులో ఆమె బతకడం అనే అంకె లేదు.

"ఆమె బతుకుతది సార్" అన్నాను. "జ్వరం దిగింది. పొద్దున మీరు కూడా చూసిన్రు."

కోడలు అందుకుంది. "బతికితే మాకన్న సంతోషం ఎవలకుంటది సిస్టరమ్మా? కని డాక్టరే చెప్పలేమన్నడు గద. ముందు రూముల నాది బట్టల షాపు, పిల్లగానికి ఇంటర్ పరీక్షలు. మూడు నెలలు ఇల్లు మూస్తే ఏడికి పోవాలె? అత్తమ్మకు కూడా పుణ్యమే గదా. ఎంతమందికి దొరుకుతది ఇసొంటి దినం!"

అప్పుడు నాలో మా నాన్న లేచాడు. వార్డులోకి నడుస్తూనే అతన్ని నిలదీశాను. ముసలావిడ మంచం పక్కనే ఇద్దరం నిలబడి వాదులాట మొదలుపెట్టాం.

"మీరు కాలేజీల ఏం చెప్తరు సార్?"

"ఫిజిక్స్."

"చంద్రుడు భూమి చుట్టు ఎందుకు తిరుగుతడో చెప్తరా పిల్లలకు?"

"చెప్త."

"కృత్తిక అంటే ఒక చుక్కల గుంపు. దాని వెలుగు ఈడికి రానీకే వందల ఏండ్లు పడుతదని తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి కూడ ఆ గుంపు మీ ఇంటి తాళంకప్ప కోసం దిగొస్తదంటరా?"

అతను నా మొహంలోకి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అది సిలబస్ సిస్టర్. ఇది మా అమ్మ."

నా జీవితంలో ఎన్నో వాదాలు విన్నాను. ఇలాంటి జవాబు వినలేదు. అతనే మళ్లీ అన్నాడు: "నాకు తెల్వక కాదు. రేపు పిల్లగానికి జ్వరమొచ్చినా, పరీక్ష పోయినా, అందరు నా మీదనే పడుతరు. ఇల్లు మూయకపోతివి, అందుకే గిట్లయిందని. అప్పుడు మీ చుక్కల వెలుగు గురించి నేను ఎవలకు చెప్పాలె?"

నేను ఊరుకోలేదు. భయానికి లొంగే చదువు చదువే కాదన్నాను. ఉపవాసం అంటే దగ్గర కూర్చోవడమే అయితే, ఈ రోజు నువ్వు కూర్చోవలసిన దగ్గర ఇదేనని మంచం చూపించాను. మంచి మాట అన్నానని నాకే అనిపించింది. ఇంకో మంచి మాట కోసం వెతుక్కుంటున్నాను.

"సిస్టర్! ఇటు చూడున్రి జల్దీ! అమ్మ నీలం పడుతున్నది!"

అరిచింది చాచా. ఆక్సిజన్ సిలిండర్లు మార్చే మనిషి, మా దవాఖానాలో నాకన్నా పాతవాడు. అందరం చాచా అనే పిలుస్తాం. తిరిగి చూస్తే ముసలావిడ మాస్కు నుదుటి మీదికి జరిపి ఉంది. కోడలి చేతిలో చిన్న స్టీలు గ్లాసు, అందులో తులసి ఆకులు. మేమిద్దరం ఆకాశంలో చుక్కల గురించి కొట్లాడుతుంటే ఆమె మా పక్కనే నిలబడి, తీర్థం పోయాలని మాస్కు తొలగించి గొంతులో నీళ్లు పోసింది. చంపాలని కాదు, పుణ్యం రావాలని. ఆ నీళ్లు ఊపిరిగొట్టంలోకి పోయాయి. ముసలావిడ గుడ్లు తేలేసి కొట్టుకుంటోంది.

ఇక వాదం లేదు, వాదించేవాళ్లూ లేరు. ఆమెను పక్కకు తిప్పి వీపు చరిచాను. చాచా సక్షన్ మిషను లాక్కొచ్చాడు. గొంతులోని నీళ్లు, కఫం లాగేసి, మాస్కు పెట్టబోతున్నాను. అప్పుడు జరిగింది నేను ఈ జన్మలో మరిచిపోలేను. సెలైన్ సూది ఉన్న ఆ ఎముకల చెయ్యి పైకి లేచింది. నా చేతిలో ఉన్న మాస్కును తనే లాక్కుని మొహానికి అదిమి పెట్టుకుంది. నేను వదిలినా ఆమె వదలలేదు.

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చూశారా అన్నట్టు కొడుకు వైపు తిరిగాను. అతను ఏడుస్తున్నాడు.

"పాపం, ప్రాణం ఎట్ల కొట్టుకుంటుందో చూడున్రి సిస్టర్. ఇంకెందుకు ఆమెకీ బాధ? పంపియ్యున్రి."

ఒకే చెయ్యి. నాకు బతకాలని పట్టుకున్న చెయ్యిలా కనిపించింది. అతనికి వెళ్లలేక కొట్టుకుంటున్న చెయ్యిలా కనిపించింది. ఇద్దరం కళ్లున్నవాళ్లమే.

డాక్టరు పరుగున వచ్చాడు. ఇంజెక్షన్ చేయించి, నన్ను పక్కకు పిలిచాడు. పోయిన నెలే ఒక పేషంటు తాలూకు మనుషులు ఆ కుర్రవాడి కాలర్ పట్టుకున్నారు. ఆ బెదురు ఇంకా పోలేదు. "మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని సంతకం పెడతామంటున్నారు. ఫ్యామిలీ డెసిషన్ సిస్టర్. బలవంతంగా ఉంచుకోలేం కదా?" అన్నాడు. బయట అప్పటికే కారు వచ్చి ఆగింది. వెనక సీటులో పరుపు పరిచి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా తర్కం అయిపోయింది, నా శాస్త్రం అయిపోయింది. మిగిలింది వెటకారం ఒక్కటే. ఆ కోపంలో ఏం మాట్లాడుతున్నానో చూసుకోకుండా అన్నాను:

"తీస్కపోండి సార్, మీ ఇష్టం. కని ఒక్కటి ఆలోచన చెయ్యండి. అమ్మ గట్టిది, మాస్కు ఎట్ల గుంజుకున్నదో చూసిన్రు గద. ఇంటికి పోయినంక పొద్దుగూకే దాంక ఆగితే? కృత్తిక వచ్చి మీ నడింట్లనే కూసుంటది. మూడు నెలలు తాళం మీకే. అదే ఈడ పోయిందనుకో, దోషం మాకు. ఈ వార్డుల కృత్తికల పోయిన్రు, రోహిణిల పోయిన్రు, ధనిష్ఠల పోయిన్రు. ఒక్కనాడన్న మా దవాఖానాకు తాళం ఏసినమా? సర్కారు బిల్డింగుకు నక్షత్రం అంటదు సార్!"

చాచా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నేను వాళ్లను అవమానించాననే అనుకున్నాను. అతను నా మీద కంప్లైంటు రాస్తాడనీ అనుకున్నాను.

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను ఫోన్ తీసి వరండాలోకి వెళ్లాడు. "సిద్ధాంతి గారూ, చిన్న అనుమానం..." అన్న మాట వరకు వినపడింది. తిరిగి వచ్చినప్పుడు అతని మొహం తేటపడి ఉంది.

"మీరన్నది కరెక్టే సిస్టర్. ప్రాణం పోయిన చోటికే దోషమట. దవాఖానాల అయితే ఇంటికి అంటదట. అమ్మ ఈడనే ఉంటది."

కోడలు వెళ్లి కారును పంపేసింది. డాక్టరు సంతకం కోసం తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడిపోయాను. ఆమె ప్రాణం నిలిచినందుకు సంతోషం కూడా కలగలేదు. పొద్దుటి నుంచి వాళ్లు చెప్పింది వైకుంఠం. తల్లి మోక్షం. ఎవరికీ దొరకని దినం. ఇంటి తాళం సంగతి తేలిపోయిన క్షణం నుంచి వైకుంఠం మాట ఆ నోళ్లలో మళ్లీ రాలేదు. ఉత్తర ద్వారం తెరిచి ఉందో, మూసి ఉందో ఎవరూ అడగలేదు. అంత పెద్ద తలుపు ఒక బట్టల షాపు షట్టరు వెనక దాక్కుని ఉందన్నమాట.

కృత్తిక వచ్చింది, పోయింది. రోహిణి వచ్చింది, పోయింది. ముసలావిడ పోలేదు. మాస్కు తీసేశాం. జావ తాగింది. అందులో ఉప్పు తక్కువైందని కోడల్ని తిట్టింది.

దీనికి ఒక తోక ఉంది. చెబితే నవ్వుతారు, నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. నేను కోపంతో విసిరిన వెటకారం ఊళ్లలోకి నడిచిపోయింది. 'ఆ దవాఖానాల పోతే ఇంటికి దోషం రాదట, పెద్ద సిస్టరే చెప్పిందట' అని. అంతకు ముందు పెద్ద ప్రాణాలను ఇంటికే తీసుకుపోతామని మాతో కొట్లాడేవాళ్లు. ఇప్పుడు టేకులపల్లి నుంచి, అడవి లోపలి ఊళ్ల నుంచి జీపుల్లో తేవడం మొదలైంది. "సిస్టర్, మనకు పేషంట్లు పంచాంగం చూసుకుని వస్తున్నారు" అని డాక్టరు తల పట్టుకున్నాడు. చాచా నన్ను చూస్తే చాలు, "పంతులమ్మా, రేపు ఏం నక్షత్రం? సిలిండర్లు ఎక్కువ తెప్పియ్యాల్నా?" అని ఆటపట్టించేవాడు. అలా చావడానికి వచ్చినవాళ్లలో కొందరు మందు పడేసరికి లేచి నడిచి పోయారు కూడా. మా నాన్న ఊరూరా తిరిగి అన్ని సభల్లో మాట్లాడి ఒక్క ఇంటి తాళం తీయించలేకపోయాడు. నేను ఒక మూఢనమ్మకానికి కొత్త కొమ్మ అంటుకట్టాను, దానికి బతికిన మనుషులు కాశారు. ఇది గెలుపా, ఓటమా? నిజం చెప్పాలంటే నాకు తెలియదు.

డిశ్చార్జికి ముందు ఒక మధ్యాహ్నం, వార్డులో ఎవరూ లేనప్పుడు ముసలావిడ నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, ఆనాడు నాకు అన్ని ఇనవడ్డయి."

"ఏం ఇనవడ్డయమ్మా?"

"అన్ని. మాస్కు ముక్కుకు పెట్టిన్రు గని చెవులకు పెట్టలే గద." పైట చెంగు సర్దుకుంది. "నేను పెండ్లయిన సంది ఏకాదశికి ఒక్కపొద్దున్న. దేవుడా, నా పిల్లగాడు సల్లగుండాలె అని ఉన్న. ఒక్కపొద్దు ఉండేది బతకనీకే గని సావనీకా?"

దేవుణ్ని నమ్మని నేను, నమ్మే ఆమె ముందు తల ఊపాను.

డిశ్చార్జి రోజు కొడుకు కొత్త చీర తెచ్చాడు. "నడువమ్మా, ఇంటికి వోదాం" అని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ ఇంటికిరా?"

"మనింటికే."

"ఆ ఇల్లు కృత్తికల మూతవడ్డది. మూడు నెలలు నేను ఆ గడప తొక్కొద్దు."

అతను బిత్తరపోయాడు. "అదేందమ్మా! నువ్వు బతికే ఉన్నవు గదనే!"

"ఆ సంగతి నీకు ఇయ్యాల తెలిసింది. నాకు ఆనాడే తెలుసు."

కోడలు తల దించుకుంది. ముసలావిడ కారేపల్లిలో ఉన్న తన చెల్లెలికి ముందే కబురు పంపించుకుంది. కొడుకు తెచ్చిన చీర తీసుకుంది, కారు మాత్రం ఎక్కలేదు. చాచా సంచి మోసుకుంటూ వెళ్లి ఆమెను ఆటో ఎక్కించాడు. కొడుకు గేటు దగ్గర నిలబడి, ఆటో మలుపు తిరిగాక కూడా అక్కడే ఉన్నాడు. అతన్ని ఓదార్చాలని రెండడుగులు వేశాను. ఏమని ఓదార్చాలో తోచక వెనక్కి వచ్చాను.

మళ్లీ ఆమెను చూసింది ఎండలు ముదిరాక, నేను రిటైర్ అవబోతున్న రోజుల్లో. బీపీ బిళ్లల కోసం వచ్చింది. మొహం నిండుగా ఉంది.

"ఇల్లు తెరిచిన్రా అమ్మా?" అన్నాను, చేతికి బీపీ పట్టీ చుడుతూ.

"తెరిచిన్రు. మూడు నెలలు నిండంగనే తీస్కపోనీకే వాడే వచ్చిండు. పోయిన."

"మంచిగ చూసుకుంటున్రా?"

"చూసుకుంటున్రు. ఏం తక్కువ లేదు." పక్కవాళ్లు వినకుండా నా వైపు వంగింది. "పోయిననాడు గడప కాడ కోడలు నా కాళ్ల మీద నీళ్లు వోస్తున్నది. నేను వాణ్ని అడిగిన, ఊరికెనే, నవ్వులాటకు. ఇయ్యాల ఏం నక్షత్రంరా, లోపలికి రానా అని."

"ఏమన్నడు?"

"ఏమనలే బిడ్డా. జేబులకెల్లి ఫోన్ తీసి, అండ్ల పంచాంగం చూసిండు."

ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వుతుంటే పట్టీ చుట్టిన చెయ్యి ఎగిరెగిరి పడుతోంది. నాకు నవ్వు రాలేదు. ఆమె నవ్వు ఆగేదాకా బీపీ చూడలేకపోయాను.